యాస్మిన్ కూర్చిన జట్టు

తెనాలి మారీసుపేటలో ఈశ్వరమ్మగారి మేడ మీద రెండు గదుల వాటాలో యాస్మిన్ అద్దెకుంటుంది. ముప్పై తొమ్మిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. హైదరాబాదులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదకొండేళ్లు పనిచేసి, కరోనా వచ్చినప్పుడు అందరిలాగే ఊరికి వచ్చేసింది. తర్వాత కంపెనీవాళ్లు ఆఫీసు ఖాళీ చేసేసి, ఎవరిళ్లలోంచి వాళ్లు పనిచేసుకోండి అన్నారు. అప్పటికే తల్లి రహీమున్నీసా పక్షవాతంతో మంచాన పడింది. అలా యాస్మిన్ తెనాలిలోనే ఉండిపోయింది.

ఆమె ఉద్యోగం పేరు స్క్రమ్ మాస్టర్. అదేమిటో ఈశ్వరమ్మగారికే కాదు, చదువుకున్న చుట్టాలక్కూడా అర్థమయ్యేది కాదు. ప్రోగ్రాము రాసేది ఆమె కాదు, రాసినదాన్ని పరీక్షించేదీ ఆమె కాదు. ఎనిమిది మంది ఎనిమిది చోట్ల కూర్చుని ఒకే పని చేస్తుంటే, వాళ్ల మధ్య మాట తెగిపోకుండా చూసుకోవడం ఆమె పని. రోజూ పొద్దున తొమ్మిదిన్నరకు అందరూ పావుగంట సేపు కంప్యూటరులో కలుస్తారు. నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, ఏమైనా అడ్డం వచ్చిందా, ఇంతే. తలా నాలుగు మాటలు చెప్పేసి వెళ్లిపోతారు. దాన్ని స్టాండప్ అంటారు. రెండు వారాలకోసారి మాత్రం గంటసేపు కూర్చుని, ఏది బాగా జరిగింది, ఎక్కడ చెడింది అని మనసు విప్పి మాట్లాడుకోవాలి. దాని పేరు రెట్రో. మనసు సంగతి అటుంచి, కెమెరా తెరిచేవాళ్లే లేరు. తెర మీద నల్లటి గళ్లు, గడికో పేరు. అంతే.

తల్లి బతికున్నన్నాళ్లూ యాస్మిన్ ఆ మాటల్ని స్పీకరులో పెట్టేది. పక్కన మంచం మీద పడుకుని రహీమున్నీసా రేడియో విన్నట్టు వినేది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా గొంతులన్నీ పట్టేసింది. "బాపట్ల అబ్బాయికి జలుబు చేసినట్టుందే" అనేది ఉర్దూలో. "శ్రావణికి ఇవాళ ఎవరిమీదో కోపం." మీటింగు అయ్యాక కూతురికి తనకు అన్నం తినిపించే ఓపిక ఉందో లేదో అని చూడకుండా, వాళ్లందరి క్షేమ సమాచారాలూ అడిగేది. యాస్మిన్‌కి తెలిసుంటేగా చెప్పడానికి. ఏదో ఒకటి కల్పించి చెప్పేది.

జూలైలో ఒక మంగళవారం తెల్లవారేసరికి రహీమున్నీసా నిద్రలోనే పోయింది. సొంత పని మీద మూడు రోజులు సెలవు కావాలని యాస్మిన్ ఆఫీసుకు మెసేజి పెట్టింది. నాలుగో రోజు తొమ్మిదిన్నరకు కంప్యూటరు ముందు కూర్చుని "గుడ్ మార్నింగ్ అందరికీ" అంది. ఏమైందని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెప్పలేదు. ఆ రోజునుంచే హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఖాళీ మంచం పక్కన ఆ గొంతుల్ని స్పీకరులో వినడం ఆమెవల్ల కాలేదు.

కింద ఈశ్వరమ్మగారికి ఇప్పుడు ఒక్క గొంతే వినపడుతోంది. ఒకరోజు మెట్లెక్కి వచ్చి అడిగేసింది.

"ఏంటమ్మా, పొద్దున్నే నీలో నువ్వు మాట్లాడుకుంటున్నావు? ఒంట్లో బానే ఉందా?"

"ఆఫీసు పనండి పిన్నిగారూ. వాళ్ల మాటలు నా చెవిలోకే వస్తాయండి."

ఈశ్వరమ్మగారు ఆ గదంతా ఒకసారి కలయజూసి, "సాయంత్రం ఓసారి కిందికి రా అమ్మా, కాసేపు కూర్చుందువుగాని" అని వెళ్లిపోయింది. యాస్మిన్ వస్తానంది. వెళ్లలేదు.

జట్టులో గొడవ అక్టోబరులో మొదలైంది. వాళ్లు తయారుచేసేది ఆసుపత్రుల్లో ఏ మందు ఎంత నిలవ ఉందో చూపించే ప్రోగ్రాము. కొత్త మార్పు చేశాక రెండు ఆసుపత్రుల్లో అయిపోయిన మందులు ఉన్నట్టు చూపించింది. అదృష్టం బాగుండి నర్సులు వెంటనే పట్టుకున్నారు. తప్పు ఎక్కడ జరిగిందని వెతికితే, పరీక్షించినవాడు సరిగ్గా చూడలేదని తేలింది. తేలింది అనడంకంటే, అలా అనుకున్నారు అనడం సబబు. పరీక్షించినవాడి పేరు ప్రభుదాస్. ఇరవై తొమ్మిదేళ్లవాడు. రేపల్లె అవతల నగరం మండలంలో ఒక పల్లెలోంచి పనిచేస్తున్నాడు.

బాపట్లలో ఉండే ఉదయ్ కిరణ్ ప్రోగ్రాము రాసేవాళ్లలో పెద్దవాడు. అతను యాస్మిన్‌కి ఫోను చేశాడు.

"అతనితో నావల్ల కాదండి. మనిషి మాట్లాడుతుంటే మధ్యలో దూరిపోతాడు. మనం ఏదైనా అడిగితే పలకడు. రేపెప్పుడో తీరిగ్గా రాసి పంపిస్తాడు. ఫోను చేస్తే ఎత్తడు. ఇంకో కంపెనీలో కూడా చేస్తున్నాడేమోనని మా అందరి అనుమానమండి."

వారం తిరక్కుండా మేనేజరు నాగమల్లేశ్వరరావు హైదరాబాదునుంచి అదే మాట అన్నాడు. "రెండు పడవల మీద కాళ్లు పెట్టేవాళ్లు మనకొద్దు. మీరొక రిపోర్టు రాసివ్వండి యాస్మిన్ గారూ. తీసేద్దాం."

రిపోర్టు రాయడానికి కూర్చుంటే, ప్రభుదాస్ గురించి తనకు తెలిసింది అరపేజీ కూడా లేదని యాస్మిన్‌కి అప్పుడు తెలిసొచ్చింది. రెండేళ్లుగా రోజూ పలకరిస్తోంది. ముఖం చూడలేదు. తెనాలినుంచి అతని ఊరు గట్టిగా రెండు గంటల దారి. చెబితే వద్దంటాడని చెప్పకుండానే, డిసెంబరు మొదట్లో ఒక శనివారం రేపల్లె పాసింజరు ఎక్కింది.

వేమూరు దాటాక రెండు పక్కలా కోసిన వరి ఓదెలు పడి ఉన్నాయి. కోత ముందే అయిన చేలల్లో మినుము మొలకెత్తుతోంది. కిటికీ పక్కన కూర్చుని యాస్మిన్ లెక్కపెట్టుకుంది. తల్లి పోయాక ఊరు దాటడం ఇదే మొదలు. రేపల్లెలో దిగి నగరం దాకా షేర్ ఆటో, అక్కణ్ణుంచి ఇంకో ఆటో. కంపెనీవాళ్లు లాప్‌టాప్ పంపిన చిరునామా పట్టుకుని చర్చి పక్క సందులో మూడో ఇల్లు కనుక్కుంది.

వసారాలో ఒక కుర్రాడు వీధికి వీపు పెట్టి బల్ల ముందు కూర్చున్నాడు. పక్కన ముక్కాలిపీట మీద ఒక అమ్మాయి హెడ్‌ఫోన్ పెట్టుకుని నోటుపుస్తకంలో ఏదో రాస్తోంది.

"ప్రభుదాస్ గారూ" అని పిలిచింది యాస్మిన్. తిరగలేదు. గేటు తీసి లోపలికి వచ్చి ఇంకాస్త గట్టిగా పిలిచింది. వంటింట్లో కుక్కరు ఒక్కసారిగా కూత పెట్టింది. యాస్మినే ఉలిక్కిపడింది. అతను కదల్లేదు. హెడ్‌ఫోన్ పెట్టుకున్న అమ్మాయి తలెత్తి చూసి, గబుక్కున లేచి, అతని భుజం తట్టింది. అప్పుడు తిరిగాడు.

"నేను యాస్మిన్‌ని" అందామె.

అతను ఆమె పెదాల వైపే చూశాడు. ఆ పేరు పెదాల మీద చదువుకున్నాక అతని ముఖంలో నెత్తురు చుక్క లేదు.

ఆ అమ్మాయి అతని భార్య సువార్త. ఆమే మంచినీళ్లిచ్చి, కుర్చీ వేసి, నిలబడే చెప్పింది. "నిరుడు జొరమొచ్చిందండి మేడంగారూ. పన్నెండు రోజులు గుంటూరు ఆసుపత్రిలో ఉన్నారు. జొరం తగ్గిందిగానీ కుడిచెవి పూర్తిగా పోయింది. ఎడమచెవి సగం. చెవికి మిషను కొన్నామండి. అది పెట్టుకుని ఈ హెడ్‌ఫోను పెడితే కుయ్యిమని ఒకటే గోల."

యాస్మిన్ నోటుపుస్తకం వైపు చూసింది. అందులో తెలుగక్షరాల్లో ఇంగ్లీషు మాటలు వరుసగా ఉన్నాయి. 'బ్యాచ్ డేట్ ఫీల్డు మార్చాలి, శ్రావణి చూస్తుంది, గురువారం లోపు.' మీటింగుల రికార్డింగులన్నీ సువార్త విని, వినపడింది వినపడ్డట్టు రాస్తోంది. పదో తరగతి చదువుకున్న అమ్మాయి. అర్థం తెలియని మాటల్ని ఏడాదిగా రాస్తోంది. అవి చదువుకుని అతను పనిచేస్తున్నాడు. అందుకే అతని జవాబులన్నీ మర్నాడు వచ్చేవి.

"కింద అక్షరాలు పడతాయి కదా, మాట్లాడేది?" అనడిగింది యాస్మిన్, అతనికి కనపడేలా ముఖం తిప్పి.

ప్రభుదాస్ కొంచెం నవ్వాడు. గొంతు అవసరమైనదానికంటే పెద్దగా వచ్చింది. "మనం తెలుగూ ఇంగ్లీషూ కలిపి మాట్లాడతాం కదండి మేడం. దానికి ఏదీ రాదు. ఉదయ్‌గారు 'చూద్దాంలే' అంటే చుట్టాలని రాసిద్ది."

"మరి స్టాండప్‌లో మీ వంతు వచ్చిందని ఎలా తెలుస్తుంది?"

"మాట్లాడేవాళ్ల గడి చుట్టూ ఆకుపచ్చ గీత వస్తదండి. శ్రావణిగారి తర్వాత నేను. ఆ గీత ఆరిపోగానే నేను మొదలెడతా. ఎప్పుడన్నా వరస మారితే…" ఆగిపోయాడు. వరస మారిన రోజునే ఉదయ్ కిరణ్ మాటకు అడ్డం పడ్డాడని యాస్మిన్‌కి అర్థమైంది.

"చెప్పి ఉండాల్సింది ప్రభుదాస్."

"ఎవరికండి?" అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. నిజంగానే అడిగాడు. "మాట్లాడేటప్పుడు ఎవరి ముఖమూ కనపడదు. కనపడితే నాకు సగం అర్థమయ్యేది. చెవిటివాణ్ణి ఎవరు ఉంచుకుంటారండి? మీరు మాత్రం ఎవరికీ చెప్పొద్దు మేడం."

యాస్మిన్ చెప్పనని మాటిచ్చింది. తిరుగు రైల్లో ఆ "ఎవరికండి?" అన్న మాట ఆమెను వదల్లేదు. జూలైలో తనకూ ఎవరికి చెప్పాలో తోచలేదు.

సోమవారం నాగమల్లేశ్వరరావుతో, "ప్రభుదాస్ ఇంకెక్కడా పనిచేయడం లేదండి. నేను వెళ్లి చూసొచ్చాను" అంది.

"మరి ఆ వ్యవహారం ఏంటి?"

"అది చెప్పనండి. మాటిచ్చాను. నాకు మూడు నెలలు టైమివ్వండి."

"ఏమైనా తేడా వస్తే మీ మీదే ఉంటుంది" అని పెట్టేశాడు.

ఆ వారంలోనే యాస్మిన్ పద్ధతులు మార్చింది. పొద్దున చెప్పాల్సింది ముందే రాసి పెట్టాలి. మాట్లాడేవాళ్లు కెమెరా తెరవాలి. ఒకరు ముగించాక తర్వాతివాళ్లను పేరుపెట్టి పిలిచి, ఆ పేరు టైపు కూడా చేయాలి. మీటింగులో ఏం తేలిందో రోజుకొకరు రాసి అందరికీ పంపాలి. జట్టంతా విసుక్కుంది. "బడిపిల్లల్ని చేశారండి మమ్మల్ని" అంది శ్రావణి. ఎందుకో చెప్పే వీలు లేక యాస్మిన్ అన్నీ పడింది. ముందు తన కెమెరా తెరవాలి కదా. తెరిస్తే వెనక మంచం కనపడుతుంది. ఆ మంచాన్ని అవతలి గదిలోకి ఒక్కతే లాక్కెళ్లడానికి ఒక సాయంత్రం పట్టింది.

జనవరిలో జరిగిన రెట్రోలో, ఎక్కడ చెడిందో చెప్పండి అని అడిగితే ఎప్పటిలాగే ఎవరూ పెదవి విప్పలేదు. ఎనిమిది ముఖాలు, ఎక్కడికో చూస్తూ. ఏం చెప్పాలో యాస్మిన్ ముందుగా అనుకోలేదు.

"నేను చెబుతాను" అంది. "జూలైలో మూడు రోజులు సెలవు పెట్టాను. మా అమ్మ పోయింది. మీకెవరికీ చెప్పలేదు. మీ అందరి గొంతులూ అమ్మకు తెలుసు. రోజూ వినేది. మిమ్మల్ని ఒకరినొకరు నమ్మమని రెండేళ్లుగా చెబుతున్నాను. నేను మాత్రం మిమ్మల్ని నమ్మలేదు. చెడింది అక్కడేనని నాకనిపిస్తోంది."

శ్రావణి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఒకతను "సారీ అండి" అన్నాడు. గంట అయిపోయింది. గళ్లన్నీ ఒక్కొక్కటే ఆరిపోయాయి. యాస్మిన్ సిగ్గుతో చచ్చిపోయింది. ఆఫీసు మీటింగులో ఇంటి ఏడుపు ఏడ్చానే అని తనను తాను తిట్టుకుంటూ, వండుకోబుద్ధి కాక పెరుగన్నం తిని కూర్చుంది.

సాయంత్రం ఉదయ్ కిరణ్ ఫోను చేశాడు. చాలాసేపు తల్లి గురించే అడిగాడు. ఎలా పోయింది, దగ్గర ఎవరున్నారు. ఆమె పోయాక అలా అడిగిన మొదటి మనిషి అతను. తర్వాత గొంతు తగ్గించి, "ఒక సంగతి చెప్పాలండి" అన్నాడు.

అక్టోబరులో మందుల నిలవ తప్పుగా చూపించింది ప్రభుదాస్ నిర్లక్ష్యం వల్ల కాదు. పరీక్ష అయిపోయాక, చిన్నదే కదా అని ఉదయ్ ప్రోగ్రాములో ఒక లైను మార్చాడు. ఎవరికీ చెప్పలేదు. తప్పు బయటపడి అందరూ ప్రభుదాస్ వైపు చూస్తుంటే నోరు మెదపలేదు. "అతను గట్టిగా వాదిస్తే ఒప్పుకునేవాణ్ణేమోనండి. అసలు ఏమీ అనలేదు. ఎందుకనలేదో ఇప్పటికీ తెలీదు నాకు."

ఎందుకనలేదో యాస్మిన్‌కి తెలుసు. తనను తిడుతున్నారని అతనికి అప్పుడు వినపడలేదు. మర్నాడు సువార్త రాతలో చదువుకున్నా, వాదనకు దిగితే చెవుల సంగతి బయటపడుతుంది. చెప్పలేక, "అందరి ముందూ చెప్పగలవా బాబూ?" అని మాత్రం అడిగింది.

తర్వాతి రెట్రోలో ఉదయ్ చెప్పాడు. నాగమల్లేశ్వరరావుకు కూడా రాశాడు. చీవాట్లు తిన్నాడు. ఉద్యోగం పోలేదు. ఆ తర్వాత మూడు వారాలు ఏమీ జరగలేదు. ప్రభుదాస్ ఎప్పటిలాగే తన వంతు మాట్లాడి వెళ్లిపోయేవాడు. ఇక చెప్పడని యాస్మిన్ అనుకుంది. ఫిబ్రవరిలో ఒక పొద్దున స్టాండప్ మొదలవకముందే గ్రూపులో పెద్ద మెసేజి కనపడింది. జ్వరం, చెవులు, సువార్త నోటుపుస్తకం అన్నీ రాశాడు. చివర్న, 'ఉదయ్ గారూ, మీ మాటకు అడ్డం పడింది పొగరుతో కాదండి. క్షమించండి' అని ఉంది.

ఆ రోజు స్టాండప్‌లో ఎవరూ పని గురించి చెప్పలేదు. ఆదివారం ఉదయ్ బండేసుకుని బాపట్లనుంచి చెరుకుపల్లి మీదుగా ప్రభుదాస్ ఇంటికి వెళ్లాడు. పొద్దుపోయేదాకా అక్కడే ఉన్నాడట. ఏం మాట్లాడుకున్నారో యాస్మిన్‌కి ఇద్దరూ చెప్పలేదు.

అక్కణ్ణుంచి జట్టు తీరే మారిపోయింది. తప్పు చేసినవాడే ముందు చెప్పేవాడు. లోపాలు పట్టుకున్నందుకు ప్రభుదాస్‌ని పేరుపెట్టి మెచ్చుకునేవాళ్లు. మార్చిలో ఒక ఆదివారం అందరూ బాపట్లలో కలవాలనుకున్నారు. హైదరాబాదునుంచి నలుగురు రైల్లో వచ్చారు. సువార్త చేతిలో క్యారేజీతో వచ్చింది. మధ్యాహ్నం ఉదయ్ ఇంట్లో రొయ్యల కూరతో భోజనాలు, సాయంత్రం సూర్యలంక తీరం. కెరటాల హోరులో అందరికీ ప్రభుదాస్‌కి వినపడినంతే వినపడింది. చేతులతో, పెదాలతో మాట్లాడుకుంటూ విరగబడి నవ్వారు.

ఉదయ్ ఏదో అన్నాడు. అందరూ నవ్వారు. యాస్మిన్‌కి అర్థం కాలేదు. "ఏంటది?" అనడిగింది.

శ్రావణి నాలిక్కరుచుకుంది. "మా గ్రూపులో జోకండి."

"నేను చూడలేదే?"

"అంటే, ఇంకోటి ఉందండి. మనది కాదు, అది…" ఉదయ్ తడబడ్డాడు. "మీరుంటే మీటింగులా ఉంటదని వేరేగా పెట్టుకున్నామండి. తప్పుగా అనుకోకండి."

"మంచి పని చేశారు" అంది యాస్మిన్. మనస్ఫూర్తిగానే అంది. ఆమె కోరుకున్నదే అది. తను లేకుండా వాళ్లు మాట్లాడుకోవాలనే కదా ఇన్నాళ్లూ తాపత్రయపడింది. చెప్పులు చేత్తో పట్టుకుని తడి ఇసుకలో కాస్త దూరం నడిచి వచ్చింది. వెనక్కి తిరిగి చూస్తే వాళ్లు ఫొటో తీసుకుంటున్నారు. ఆమెను కూడా పిలుద్దామని ఎవరికో గుర్తొచ్చి చెయ్యూపారు. వెళ్లి ఒక చివర నిలబడింది. ఆ రాత్రికి తెనాలి చేరేసరికి వాటాలో లైటు వేసేవాళ్లెవరూ లేరన్న సంగతి మిగతా రోజులకంటే ఎక్కువ తెలిసింది.

మేలో నాగమల్లేశ్వరరావు ఫోను చేశాడు. గొంతులో బోలెడంత సంతోషం.

"అద్భుతం చేశారండి. ఇప్పుడా టీముకి స్క్రమ్ మాస్టరే అక్కర్లేదు. వాళ్లంతట వాళ్లే నడుపుకుంటున్నారు. అందుకే మిమ్మల్ని వేరే టీముకి ఇస్తున్నాను. పన్నెండు మంది. సగం పుణే, సగం కోయంబత్తూరు. ఒకళ్లంటే ఒకళ్లకి పడదు. మీరైతేనే బాగుచేస్తారు."

కాదనడానికి కారణమేమీ కనపడలేదు. చివరి రోజు అందరూ మంచి మాటలు చెప్పారు. గ్రూపులో పూలగుత్తుల బొమ్మలు పెట్టారు. అంతా అయ్యాక ప్రభుదాస్ విడిగా వీడియో కాల్ చేశాడు. కొత్త మిషను కొన్నాడట, నేరుగా లాప్‌టాప్‌కే కలుస్తుందట. అయినా అలవాటుకొద్దీ ఆమె పెదాలే చూస్తున్నాడు. వెనకనుంచి సువార్త తొంగిచూసి నమస్కారం పెట్టింది.

"అక్కా" అన్నాడు. మేడం అనేవాడు, ఆ రోజు అక్కా అన్నాడు. "ఆ కొత్తవాళ్లు ఎలాంటివాళ్లో. మీకేదన్నా అయితే ఎవరికి చెబుతారు?"

"నీకు చెబుతానులే తమ్ముడూ" అంది యాస్మిన్. అతనికి అర్థమైందో లేదో అని మళ్లీ అంది. తలూపాడు.

ఆ తర్వాత కొన్నాళ్లు అతను మెసేజిలు పెట్టాడు. పనుల్లో పడి అవి తగ్గాయి. తప్పేమీ లేదు. అందరివీ అలాగే తగ్గుతాయి.

కొత్త జట్టు కలిసేది మధ్యాహ్నం రెండింటికి. పొద్దున తొమ్మిదిన్నరకు ఇప్పుడు యాస్మిన్‌కి పనేమీ లేదు. మొదటి రెండు రోజులు అలవాటుకొద్దీ కంప్యూటరు ముందు కూర్చుని, చేసేదేమీ లేక లేచింది. మూడో రోజు మెట్లు దిగి, ఈశ్వరమ్మగారి వాకిట్లో కాసేపు నిలబడి, తలుపు కొట్టింది.

"రా అమ్మా" అంది ఈశ్వరమ్మగారు, చేతిలో చిక్కుడుకాయల పళ్లెంతో. "ఇవాళ సెలవా?"

"లేదండి పిన్నిగారూ. ఉంది. మధ్యాహ్నం."

ఈశ్వరమ్మగారు పళ్లేన్ని ఇద్దరి మధ్యా పెట్టింది. యాస్మిన్ నేల మీద కూర్చుని కాయలకు ఈనెలు తీయడం మొదలుపెట్టింది.